మన కుక్క మనకు ముద్దే.. మరి పక్కింటికి?

మా ఆస్పత్రిలో బీపీ, షుగరు ఉన్నవాళ్లకు వారానికో రోజు ప్రత్యేకంగా ఓపీ నడుస్తుంది. రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో ఓ రోజు అరవై దాటిన పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ అప్పటికి మూడేళ్లుగా నా దగ్గరే మందులు తీసుకుంటున్నారు. ఆ రోజు చూపించుకోవాల్సింది మాత్రం కొడుకు. వయసు 38. అంబులెన్స్ డ్రైవర్. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బీపీ 156/100. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసినా పెద్దగా తగ్గలేదు. సిగరెట్ లేదు, మందు లేదు. ‘నిద్ర సరిగ్గా పడుతోందా?’ అని అడిగాను. అతను తల దించుకున్నాడు. తల్లే అందుకుంది.

‘‘నైట్ డ్యూటీ బాబూ. పొద్దున ఎనిమిదింటికి వచ్చి ఇంత తిని పడుకుంటాడు. తొమ్మిది కాకముందే కుక్క మొదలుపెడుతుంది. ఇక సాయంత్రం దాకా అదే గోల.’’

‘‘ఎవరిదమ్మా ఆ కుక్క? వాళ్లకు చెప్పి చూడకపోయారా?’’

ఆవిడ కాసేపు నా బల్ల మీది బీపీ మిషన్ వంక చూసి, మెల్లగా అంది.

‘‘మీదే బాబూ.’’

మా పెరటి గోడకు అవతల, వెనక వీధిలో మూడో ఇల్లు వాళ్లది. ఇన్నేళ్లుగా నా దగ్గరికి వస్తున్నా ఆ సంగతి నాకు తెలియదు. మా బబ్లూ పగలంతా మొరుగుతాడన్న సంగతి అంతకన్నా తెలియదు. ఎలా తెలుస్తుంది? ఎనిమిదిన్నరకు నేను ఆస్పత్రికి, మా ఆవిడ తను పాఠాలు చెప్పే బడికి, పిల్లలు వాళ్ల స్కూలుకు వెళ్లిపోతాం. మేం ఇంట్లో ఉన్నంతసేపూ వాడు గొర్రెపిల్లలా కాళ్ల దగ్గర పడుంటాడు. కుక్క అరుపు వినపడని ఇల్లు ఏదైనా ఉందంటే, అది ఆ కుక్కను పెంచుతున్న ఇల్లే.

(ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆనవాళ్లు పట్టుకోవడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను.)

మొరిగితే బీపీ వస్తుందా?

రాదు. ఒక్క కుక్క అరుపు వల్లే అతనికి బీపీ వచ్చిందని చెబితే అది వైద్యం కాదు. తల్లికి ఉంది, తండ్రికీ ఉండేదట. డ్యూటీలో వేళాపాళా లేని తిండి, పచ్చళ్లూ మిక్చర్లతో ఒంట్లోకి చేరే ఉప్పు, ఇవన్నీ ఉన్నాయి. కానీ నిద్ర కూడా అందులో ఒక భాగం. ఆరోగ్యవంతుల్లో గాఢనిద్రలో ఉన్నప్పుడు బీపీ 10 నుంచి 20 శాతం దాకా దిగుతుంది. గుండెకూ రక్తనాళాలకూ రోజు మొత్తంలో దొరికే విశ్రాంతి అదే. గంటకోసారి ఉలిక్కిపడి లేస్తే ఆ విశ్రాంతి దొరకదు. పైగా పగటి నిద్ర అసలే పలచగా ఉంటుంది. వెలుతురు, వేడి, ఒంట్లోని గడియారం.. మూడూ దానికి వ్యతిరేకమే. రాత్రి పనిచేసేవాళ్లు పగలు ఎంత ప్రయత్నించినా మామూలువాళ్ల కన్నా తక్కువే నిద్రపోగలుగుతారు.

నన్ను ఎక్కువ భయపెట్టింది అతని బీపీ కూడా కాదు, అతని ఉద్యోగం. 17 గంటలు ఏకబిగిన మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి చురుకుదనంతో సమానంగా పడిపోతుందని పరిశోధనలు తేల్చాయి. మన దేశంలో డ్రైవర్లకు చట్టం విధించిన హద్దు 0.03 శాతం. అంటే చుక్క ముట్టకపోయినా, నిద్ర లేని డ్రైవర్ తాగి నడిపినవాడి కిందే లెక్క. నిండు గర్భిణిని ఎక్కించుకుని అర్ధరాత్రి ఆ బండి నడిపేది అతనే. మా ఆస్పత్రికే తెస్తాడు.

ఇలాంటివాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. నైట్ డ్యూటీ దిగిన నర్సమ్మ, సెక్యూరిటీ గార్డు, అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, రాత్రంతా బిడ్డను ఎత్తుకుని తిరిగి మధ్యాహ్నం ఓ గంట కునుకు తీద్దామనుకునే బాలింత, మైగ్రేన్‌తో తలుపులేసుకుని పడుకున్న గృహిణి, ఇంటర్ పరీక్షలకు చదువుకునే పిల్లలు. మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులైతే కారణం అర్థం కాని చప్పుడుకు మరీ కలవరపడతారు. ‘పగలే కదా, మొరిగితే ఏమైంది’ అనే మాట అందరికీ వర్తించదు.

ఎంత చప్పుడు?

నివాస ప్రాంతాల్లో ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పెద్ద కుక్క మొరుగు పక్కనే నిలబడి కొలిస్తే 90 డెసిబెల్స్ దాకా ఉండొచ్చు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 90 అనుకుంటే పాతిక మీటర్ల అవతల కూడా 60కి పైనే. చట్టంలోని హద్దు సగటు చప్పుడుకు సంబంధించింది, ఒక్కో అరుపుకు కాదు. కాబట్టి ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి కేసు వేయలేం. కానీ మంచం మీద కళ్లు మూసుకున్న మనిషికి అది ఎంత దగ్గరగా వినిపిస్తుందో ఊహించడానికి పనికొస్తాయి. ఇరుకు సందులో కట్టేసిన కుక్కయితే రెండు గోడలూ కలిసి చప్పుడును ఇంకా పెంచుతాయి. మా బబ్లూను కట్టేసింది అలాంటి సందులోనే.

అయితే మనిషిని విసిగించేది చప్పుడు తీవ్రత ఒక్కటే కాదు. ఫ్యాను రాత్రంతా తిరుగుతున్నా నిద్రపోతాం. కుక్క అరుపు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆగినా, మళ్లీ ఎప్పుడు మొదలెడుతుందోనని చెవులు కాచుకుని కూర్చుంటాయి. దీని మీద గ్లాస్, సింగర్ అనే ఇద్దరు అమెరికా మానసిక శాస్త్రవేత్తలు చాలా ఏళ్ల కిందటే ప్రయోగాలు చేశారు. 1972లో పుస్తకంగా వేశారు. కొంతమందిని గదిలో కూర్చోబెట్టి, ఉన్నట్టుండి పెద్ద చప్పుళ్లు వినిపిస్తూ పనులు చేయించారు. వాళ్లలో కొందరికి ఒక బటన్ ఇచ్చి, ‘భరించలేకపోతే నొక్కండి, ఆపేస్తాం. నొక్కకుంటే మాత్రం మాకు సంతోషం’ అన్నారు. వాళ్లు దాదాపుగా నొక్కనే లేదు. విన్న చప్పుడు అందరికీ ఒకటే. అయినా తర్వాత ఇచ్చిన పనిలో, బటన్ చేతిలో ఉన్నవాళ్లు తక్కువ తప్పులు చేశారు, ఎక్కువ ఓపిక చూపారు.

ఈ బటన్ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

పాత ఫోన్ చెప్పిన నిజాలు

ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకు చెబితే మొదట నమ్మలేదు. ‘మన బబ్లూనా? ఇంకెవరిదో అయ్యుంటుందండీ’ అంది. మర్నాడు వంటింటి కిటికీలో పాత సెల్‌ఫోన్ పెట్టి, రికార్డింగ్ నొక్కి వెళ్లిపోయాం. రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని విన్నాం. పిల్లలు మొదట నవ్వారు. కాసేపటికి ఎవరూ నవ్వలేదు.

మేం గేటు వేసిన దగ్గర్నుంచి పాతిక నిమిషాలు సన్నగా, ఆగి ఆగి, ఏడుపులా ఒకటే అరుపు. తొమ్మిదీ పదికి పాట పెట్టుకుని మున్సిపాలిటీ చెత్త బండి వచ్చింది. గొంతు మారిపోయింది, బొంగురుగా, గుక్క తిప్పుకోకుండా. పదింటికి మైకులో కూరగాయల బండి. పదకొండుంబావుకు పక్కింటికి పార్సిల్ కుర్రాడు. పన్నెండున్నర దాటాక గోడ మీద కోతులు.. ఆ ఒక్కటే అరగంట. మూడింటికి స్కూలు వ్యాన్లు. అన్నీ కలిపితే రెండు గంటల పైమాటే.

మీ ఇంట్లో కుక్క ఉంటే ముందు ఈ పని చేయండి. ఖర్చు లేదు. రెండు మూడు రోజులు రికార్డు చేసి, ఏ టైముకు, దేనికి, ఎంతసేపు మొరుగుతోందో ఓ కాగితం మీద రాయండి. జ్వరం ఎలాగైతే జబ్బు కాకుండా జబ్బు లక్షణం మాత్రమేనో, మొరుగుడూ అంతే. మలేరియాకూ టైఫాయిడ్‌కూ ఒకే మందు ఇవ్వనట్టే, ఒంటరితనంతో ఏడ్చే కుక్కకూ కోతుల్ని తరిమే కుక్కకూ ఒకటే చికిత్స పనిచేయదు. సన్నటి గొంతుతో, మధ్యలో ఆగుతూ అరిస్తే సాధారణంగా ఒంటరితనం. బొంగురుగా, వరసగా అరిస్తే ఎవరో వచ్చారన్న హెచ్చరిక. మన మొహంలోకి చూస్తూ అరిస్తే ఏదో కావాలని. ఏ కారణమూ లేకుండా గంటల తరబడి ఒకే తాళంలో అరిస్తే విసుగు. కట్టేసి ఉంచిన కుక్కల్లో ఈ చివరిది ఎక్కువ.

ఇంకోటి ఉంది. నొప్పి. మనుషుల డాక్టర్నైన నాకు ఇది తట్టలేదు. పశువైద్యశాలలో పనిచేసే మిత్రుడికి రికార్డింగ్ వినిపిస్తే, ‘ముందు కుక్కను తీసుకురా, సౌండ్ తర్వాత విందాం’ అన్నాడు. చెవిలో ఇన్ఫెక్షన్ బయటపడింది. నెలన్నరగా చెవి గోక్కుంటుంటే అలవాటు అనుకున్నాం. చెవిపోటు, పంటినొప్పి, కీళ్లనొప్పులు, పిడుదులు.. ఏది ఉన్నా కుక్క చిరాగ్గా ఉంటుంది, చిన్న అలికిడికే మొరుగుతుంది. వయసు మళ్లిన కుక్కల్లో చెవుడు రావచ్చు, మనుషుల్లో లాగే మతిమరుపు రావచ్చు. కొత్తగా మొరుగుడు ఎక్కువైన ముసలి కుక్కను తిట్టే ముందు పశువైద్యుడికి చూపించండి.

ఏం చేశాం?

మొదట గొలుసు తీసేశాం. నిజం చెప్పాలంటే ఇందులో మా తప్పే పెద్దది. పొద్దున్నే మా వాడు పది నిమిషాలు అలా తిప్పుకొచ్చి సందులో కట్టేసేవాడు. ఇక సాయంత్రం వరకు అంతే. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 ప్రకారం, ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం లేకుండా చేయడం యజమాని చేసిన క్రూరత్వం కిందకే వస్తుంది. చదువుకున్నవాళ్లం, ఆ సంగతి ఎన్నడూ తెలుసుకోలేదు.

ఇప్పుడు ఐదున్నరకల్లా నడక. నలభై నిమిషాలు. నా షుగరు పేషెంట్లకు రోజూ చెప్పే మాటను నేనూ పాటించడం మొదలైంది ఆ కుక్క పుణ్యమానే. పరుగు తీయించడం కన్నా దాన్ని ఆగి వాసన చూడనివ్వడం ముఖ్యం. కుక్కకు వాసన చూడటం అంటే మనకు పేపర్ చదవడం లాంటిది. ప్రతి స్తంభం దగ్గరా పట్టీ లాక్కుంటూ పోతే అరగంట నడిచినా దాని బుర్రకు పని తగలదు. ఎండాకాలంలో మాత్రం సూర్యుడు పైకి రాకముందే ముగించాలి. తారు రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆనించి చూడండి. ఏడు సెకన్లు పెట్టలేకపోతే దాని పాదాలూ పెట్టలేవు.

తర్వాత చోటు మార్చాం. సందులోంచి వెనక గదిలోకి. ఫ్యాను, నీళ్ల గిన్నె, పాత బొంత. కిటికీకి మందపాటి కర్టెన్. గేటు ఊచలకు లోపలి నుంచి ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాం. కనిపించకపోతే సగం గొడవ తగ్గుతుంది. వినిపించడం సంగతి వేరు. మనకు 20 వేల హెర్ట్‌జ్‌కు మించి వినపడదు, కుక్కకు 45 వేల దాకా వినపడుతుంది. మన గేటు దాకా రాని మనిషి అడుగులూ దానికి తెలుస్తాయి. అందుకే గదిలో ఫ్యాను మోత, సన్నగా రేడియో ఉంటే బయటి చప్పుళ్లు కొంత కలిసిపోతాయి.

పార్సిళ్ల సమస్య నవ్వొచ్చేంత తేలిగ్గా తీరింది. గేటుకు ఓ గుడ్డసంచి తగిలించి, ‘బెల్ కొట్టొద్దు, ఇందులో వేసి ఫోన్ చేయండి’ అని అట్ట మీద రాసి పెట్టాం.

తిండి పెట్టే పద్ధతీ మార్చాం. గిన్నెలో పోస్తే రెండు నిమిషాల్లో ఊడ్చేస్తుంది, మిగతా రోజంతా ఖాళీ. అందుకే మేం వెళ్లేటప్పుడు ఆ పూట తిండిలో కొంత పాత తువాలులో మడతమడతకూ వేసి చుట్టి ముడి పెట్టి ఇస్తాం. అది విప్పుకుని తినేసరికి అరగంట పడుతుంది. ఆ అరగంటే మనకు కావాల్సింది, ఎందుకంటే ఒంటరితనపు ఏడుపు ఎక్కువగా మనం గడప దాటిన మొదటి అరగంటలోనే ఉంటుంది. గుడ్డలు మింగే అలవాటున్న కుక్కకు మాత్రం ఇది వద్దు. దాని కోసం గట్టి రబ్బరు బొమ్మలు దొరుకుతాయి, లోపల తిండి కూరడానికి ఖాళీ ఉంటుంది. పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే ఎండాకాలంలో ఇంకా ఇష్టంగా నాకుతుంది. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ పొరపాటున కూడా కలవకూడదు, కుక్కకు అవి విషం. ఉడికించిన ఎముకలూ వద్దు, విరిగి పేగులకు గుచ్చుకుంటాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరో ఒకరు తలుపు తీస్తే చాలా తేడా ఉంటుంది. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ పొద్దున్నే వచ్చేది. ఆవిడకు వీలు చూసుకుని మధ్యాహ్నానికి మార్చుకోమన్నాం, వాడిని పెరట్లో పావుగంట తిప్పినందుకు జీతం పెంచాం. మొదట్లో దగ్గరికి రావడానికే భయపడేది. ఇప్పుడు వాడు మా మాట కన్నా ఆవిడ మాటే ఎక్కువ వింటాడు.

‘చాలు’ నేర్పడం

అరుస్తున్న కుక్క మీద మనం అరిస్తే, మనమూ కలిసి మొరుగుతున్నామని దానికి ఉత్సాహం వస్తుంది. కొడితే భయం పెరిగి మొరుగుడు ఇంకా ఎక్కువవుతుంది, ఒక్కోసారి కరుస్తుంది కూడా. చేయాల్సింది వేరు. మొరుగుతున్నప్పుడు ముక్కు దగ్గర ఇష్టమైన తిండి ముక్క పెట్టండి. వాసన చూడటానికి అరుపు ఆపుతుంది. ఆ క్షణంలో మామూలు గొంతుతో ‘చాలు’ అని, ముక్క ఇవ్వండి. తర్వాత రెండు సెకన్లు ఆగాక ఇవ్వండి, తర్వాత ఐదు, పది. రోజుకు మూడు నాలుగు సార్లు, ఐదేసి నిమిషాలు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. మా ఇంట్లో మొదట నేను ‘చాలు’, మా ఆవిడ ‘ష్’, పిల్లలు ‘స్టాప్’.. పాపం అది ఎవరి భాష నేర్చుకుంటుంది?

చెత్త బండి పాటను ఫోన్‌లో రికార్డు చేసి, వినీవినపడనంత తక్కువ సౌండ్‌లో వినిపిస్తూ తినిపించాం. రోజుకు కొంచెం పెంచుకుంటూ పోయాం. మూడు వారాలకు ఆ పాట వినిపిస్తే గేటు వైపు కాకుండా మా చేతుల వైపు చూడటం మొదలుపెట్టాడు.

ఒంటరిగా ఉండటం నేర్పడానికి మార్చిలో ఒంటిపూట బడులు, ఆ తర్వాత వేసవి సెలవులు కలిసొచ్చాయి. చెప్పులేసుకుని, తాళం చెవి తీసుకుని, బయటికెళ్లి నిమిషంలో తిరిగి వచ్చేయడం. తర్వాత మూడు నిమిషాలు, ఐదు, పదిహేను. ఏడుపు మొదలవకముందే తిరిగి రావాలి. వెళ్లేటప్పుడు మెడ పట్టుకుని వీడ్కోళ్లు, రాగానే గంతులు రెండూ మానేయాలి. పిల్లలకు ఇదే కష్టమైంది. ఇంత చేసినా కొన్ని కుక్కలు మనం వెళ్లగానే తలుపులు గీరుతాయి, ఒళ్లు కొరుక్కుంటాయి, గదిలోనే మూత్రం పోస్తాయి. అది మొండితనం కాదు, ఆందోళన జబ్బు. దానికి పశువైద్యులు రాసే మందులున్నాయి.

ముందే చెప్పాల్సిన ఇబ్బంది ఒకటుంది. ఇన్నాళ్లూ అరిస్తే పలికినవాళ్లం ఇప్పుడు పలకకపోతే, మొదటి వారం పది రోజులు అరుపు తగ్గకపోగా పెరుగుతుంది. పని చేయని లిఫ్ట్ బటన్‌ను ఇంకా గట్టిగా నొక్కుతాం చూడండి, అలా. చాలామంది ఇక్కడే ఓడిపోయి, ‘ఇవన్నీ ఉత్తుత్తి మాటలు’ అని వదిలేస్తారు. సరిగ్గా అప్పుడు లొంగిపోతే, ఇంకా ఎక్కువ అరిస్తే పని అవుతుందని దానికి నేర్పినట్టే. ఆ వారం గురించి ఇరుగుపొరుగుకు ముందే చెప్పి ఉంచండి. మొత్తం మీద నెలా, రెండు నెలలు ఓపిక పట్టాలి.

ఇవి మాత్రం వద్దు

ఈ మధ్య ఒకాయన ఓపీకి వచ్చి, తనకు రాసిన నిద్ర మాత్ర సగం కుక్కకు వేయొచ్చా అని అడిగారు. వద్దు. మనుషుల నిద్ర మాత్రలు, అలర్జీ సిరప్‌లు, నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి. మనం తేలిగ్గా వాడే ఇబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ కూడా మోతాదు మించితే ప్రమాదమే.

నోటికి గుడ్డ గానీ, బిగుతైన బెల్టు గానీ కట్టి పగలంతా వదిలేయడం ఇంకా ఘోరం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చడం ద్వారానే ఒంట్లో వేడి బయటికి పంపుతుంది. మన ఎండల్లో నోరు కట్టేస్తే వడదెబ్బతో చచ్చిపోతుంది. కరెంటు షాకిచ్చే పట్టీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటితో అరుపు అప్పటికి ఆగొచ్చు, అరుపు వెనకున్న భయం ఆగదు, పెరుగుతుంది. మొరగకుండా గొంతుకు ఆపరేషన్ చేయిస్తామనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నాకు మాటల్లేవు.

పక్కింటితో మాట

మర్నాటి ఆదివారం నేనూ మా ఆవిడా వెనక వీధికి వెళ్లాం. ఏం చెప్పాలో దారిలో రెండుసార్లు అనుకున్నాం, అక్కడికెళ్లాక ఒక్కటీ గుర్తు రాలేదు. ‘మాకు తెలియదమ్మా, తప్పయింది’ అన్నాం. ‘అయ్యో, మీరు రావడమేంటి బాబూ’ అంటూ పెద్దావిడ కుర్చీలు దులిపింది. ఏడాదిన్నరగా భరిస్తున్నారట. డాక్టరు ఇల్లు, రేపు మందులకు మళ్లీ అక్కడికే వెళ్లాలి, ఎలా చెప్పడం అని ఆగిపోయారట. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అక్కడ మేం చేసిన పని ఒకటే, ఇందాకటి బటన్ ఇవ్వడం. నా నంబరు, మా ఆవిడ నంబరు, మధ్యాహ్నం వచ్చే పనావిడ నంబరు రాసిచ్చి, ‘ఎప్పుడు ఇబ్బందైనా మిస్డ్ కాల్ ఇవ్వండి చాలు, మేం చూసుకుంటాం’ అన్నాం. అతని డ్యూటీ చార్టు అడిగి తీసుకుని మా ఫ్రిజ్‌కు అంటించాం. మొదటి నెలలో నాలుగు మిస్డ్ కాల్స్ వచ్చాయి. తర్వాత రాలేదు. మొరుగుడు పూర్తిగా ఆగిపోయి కాదు. ఎవరో పట్టించుకుంటున్నారని తెలిశాక ‘ఇంతకుముందంత వినపడట్లేదు సార్’ అని అతనే అన్నాడు.

బాధపడుతున్నది మీరైతే, కుక్క అరుస్తున్నప్పుడు కోపంతో గేటు దగ్గరికి వెళ్లకండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో అసలు పెట్టకండి. నలుగురి ముందు తప్పు ఒప్పుకునేవాళ్లు తక్కువ, అక్కడి నుంచి అది కుక్క గొడవ కాకుండా పరువు గొడవ అవుతుంది. సాయంత్రం తీరిగ్గా ఉన్నప్పుడు కలవండి. ‘ఎప్పుడూ మొరుగుతూనే ఉంటుంది’ అంటే ఎదుటివాళ్లు వాదనకు దిగుతారు. ‘సోమ, మంగళవారాల్లో పదింటి నుంచి పదిన్నర దాకా మొరిగింది, మా అమ్మాయికి నైట్ షిఫ్ట్’ అంటే వింటారు. నిజంగానే వాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు, మాలాగా. ఈలోగా మీ వంతుగా వీధికి దూరంగా ఉన్న గది, మందపాటి కర్టెన్, ఫ్యాను మోత, మెత్తటి ఇయర్ ప్లగ్స్ వాడొచ్చు. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపల పెడితే అది ఉబ్బి సరిపోతుంది. చెవి కారేవాళ్లు వాడకూడదు.

చట్టం రెండు వైపులా ఉంది. కుక్కను పెంచకూడదని అపార్ట్‌మెంట్ సంఘం తీర్మానం చేయడం చెల్లదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆపకుండా మొరిగి పక్కవాళ్లకు ఇబ్బంది కలగకుండా చూసుకునే బాధ్యత పెంచేవాళ్లదేనని వాటిలోనే చెప్పింది. ఇక విసిగిపోయి అన్నంలో ఏదో కలిపి పెట్టేవాళ్ల గురించి వింటుంటాం. జంతువును విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. ఆ విషపు ముద్ద వీధిలో ఆడుకునే చంటిపిల్లల చేతికి చిక్కితే ఏమవుతుందో మా క్యాజువాలిటీలో పనిచేసేవాళ్లను అడగండి.

ఇంకా కుక్కను తెచ్చుకోనివాళ్లకు ఒక్క మాట. పగలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే కుక్కపిల్ల వద్దు. ముచ్చటగా ఉందని పమేరియన్‌ను తెస్తారు, చీమ చిటుక్కుమన్నా మొరిగే జాతి అది. మంచు దేశపు హస్కీని తెచ్చి మన ఎండలో మేడమీద ఉంచేవాళ్లను చూస్తే కోపం రాక మానదు.

రోగి సంగతి చెప్పనేలేదు కదూ. వేరే రోజు మళ్లీ చూస్తే బీపీ ఎక్కువే ఉంది. మాత్ర మొదలుపెట్టాల్సే వచ్చింది. ఉప్పు తగ్గించాడు, పగలు ఆరు గంటల నిద్ర దొరుకుతోంది. ఇప్పుడు 130/84 దగ్గర ఉంది. పోయిన నెల వాళ్లమ్మ మందులకు వచ్చి, ‘మొన్న నాలుగు రోజులు మీ బబ్లూ గొంతే వినపడలేదు, ఒంట్లో బాగుందా బాబూ’ అని అడిగింది. సంక్రాంతికి ఊరు తీసుకెళ్లామని చెప్పాను.

కోతుల దగ్గర మాత్రం ఇంకా ఓడిపోతూనే ఉన్నాం. అవి గోడెక్కాయంటే ‘చాలు’ పనిచేయదు, పెరుగన్నం పనిచేయదు. ఆ అరగంటకు డ్యూటీ చార్టు చూసి, పనావిడే వాడిని వంటింట్లోకి తీసుకెళ్లి తలుపేస్తుంది.